మూట ముందు, మేము వెనక

పట్నం నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి మా వాడలో ఆడవాళ్లు నన్ను ఎక్కడ చూసినా ఒకటే అడుగుతున్నారు, చార్మినార్ చూసినవా అని. చూడలేదు. గోల్కొండా చూడలేదు, తోటలూ చూడలేదు. నేను చూసింది గౌలిగూడ నుంచి సికింద్రాబాదు పోయే రోడ్డు. దాన్ని మాత్రం ఒక్క రోజులో ఎంత తీరిగ్గా చూశానంటే, ఏ మలుపులో ఏ కొట్టుందో కళ్లు మూసుకొని చెప్పగలను. అడిగినవాళ్లందరికీ మొదటి నుంచి చెప్పుకొస్తుంటే పొయ్యి మీద కూర మాడిపోతోంది, అందుకే రాసి పెడుతున్నాను. ఇంకా పట్నం పోనివాళ్లకు దీనివల్ల కొంత లాభం ఉండొచ్చు. పోయి వచ్చినవాళ్లు నవ్వుకున్నా నాకు పట్టింపు లేదు.

ప్రయాణం ఎందుకంటే, మా ఆడబిడ్డ సులోచన ఇల్లు కట్టుకుంది. ఆమె పెనిమిటి రైల్వేలో పని చేస్తాడు. సీతాఫల్‌మండిలో రెండు గదులు, ముందర చిన్న వరండా. కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు పుట్టింటివాళ్లు వచ్చి ఆడపిల్లకు ఒడిబియ్యం పోయాలి. బియ్యం, ఎండు కొబ్బరి, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, రవికె గుడ్డ, కొత్త చీర. బియ్యం బజారులో కొన్నవి పనికిరావు, పుట్టింటివే కావాలి. అందరి ముందూ సోలతో కొలిచి ఒళ్లో పోయాలి, ఐదు సోలలు. సులోచన పెళ్లయిన తర్వాత వరసగా కరువులు రావడంతో మేము ఆమెకు ఒక్కసారి కూడా సరిగ్గా ఒడి నింపలేకపోయాం. ఆమె అత్తగారు ఆ మాట ఎత్తని పండుగ లేదు. ఈసారి మా బావి కింద వరి బాగా పండింది. మా ఆయనకు దుకాణంలో కందుల కొనుగోలు నడుస్తోంది కనుక నన్నూ మా అత్తమ్మ మల్లమ్మనూ పంపించాడు.

నకిరేకల్

మా ఊళ్లో బస్సు ఎక్కడం ఒక విద్య. ఆ విద్యలో మా అత్తమ్మను మించినవాళ్లు లేరు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద ఏదో ఒకటి వేయాలి. తువ్వాల, చెప్పు, చేట, ఏదైనా సరే. ఇక ఆ సీటు వేసినవాళ్లది. ఒకసారి ఎవరో కాళ్లు కట్టిన కోడిని సీటు మీద పెట్టి టీ తాగడానికి పోతే, ఒక పెద్దమనిషి దాని పక్కనే నిలబడ్డాడు తప్ప దాన్ని జరిపి కూర్చోలేదు.

ఈ పద్ధతిలో ఇంకో సగం ఉంది. వేసిన తర్వాత లోపల ఉన్నవాళ్లతో "జర సూడుండ్రి" అనాలి. వాళ్లు తల ఊపాలి. తల ఊపినవాళ్లు ఇక కన్నతండ్రి వచ్చినా ఆ సీట్లో కూర్చోనివ్వరు. మేము చుట్టూ తిరిగి వచ్చి తలుపులోంచి ఎక్కి కూర్చునేదాకా బస్సు కదలదు. మా డ్రైవరు అట్లాంటివాడు. ఒకసారి మా అత్తమ్మ ఇంటికి తాళం వేసిందో లేదో చూసి వచ్చేదాకా ఆగాడు, ఎవరూ కాదనలేదు.

అత్తమ్మ తువ్వాల వాడదు. "తువ్వాల గాలికి కొట్టుకపోతది, మూటైతే పోదు" అంటుంది. ఆ రోజు కూడా ఒడిబియ్యం మూటనే కిటికీలోంచి పంపింది. అది పసిపిల్లంత బరువు. లోపల ఉన్న ముసలాయన దాన్ని అందుకొని, పసిపిల్లను కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టాడు.

చౌటుప్పల్‌లో బస్సు ఆగితే ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్న రొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు తిన్నాం. టీ ఆరు నయా పైసలు. అత్తమ్మ ఇంకా అణాల్లోనే లెక్క పెడుతుంది కనుక టీ కొట్టువాడు ఆమెకు అణా అనే చెప్పాడు, ఆమె సంతోషంగా తాగింది.

పోచంపల్లి

చీర కోసం రహదారి దిగి పోచంపల్లి పోయాం. అక్కడ ఏ ఇంటి ముందు నిలబడినా లోపల మగ్గం చప్పుడే. మేము చెప్పి చేయించుకున్న నర్సయ్య ఇంట్లో మగ్గం ఒక గదినంతా ఆక్రమించుకొని ఉంది. మనుషులు మిగిలిన జాగాలో సర్దుకొని బతుకుతున్నారు. నర్సయ్య భార్య వాకిట్లో కూర్చొని పోగుల కట్టకు సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి ముడులు వేస్తోంది. ముడి పడిన చోట రంగు ఎక్కదు, పడని చోట ఎక్కుతుంది, చివరికి నేసినప్పుడు పువ్వు వస్తుంది. ఎక్కడ ముడి వేస్తే ఎక్కడ పువ్వు వస్తుందో నీకెట్ల తెలుసమ్మా అని అడిగితే, నువ్వు చారులో ఉప్పెట్ల వేస్తవు అని అడిగింది. నా చారు సంగతి తెలిసినవాళ్లెవరైనా పక్కన ఉంటే నవ్వేవాళ్లు.

చీర కుంకుమ రంగు, అంచు పసుపు. అత్తమ్మ దాన్ని ఎండలో పెట్టి చూసింది, తడి వేలితో రుద్ది చూసింది, చివరికి వాసన కూడా చూసింది.

"రంగు పోతదా?" అని అడిగింది.

"పోతే నా దగ్గరికి తే, మల్లవ్వా. నేను ఈ మగ్గం మీదనే ఉంట, యాడికి వోను" అన్నాడు నర్సయ్య.

ఆ రాత్రి వాళ్ల వరండాలోనే పడుకున్నాం. మా దగ్గర చుట్టాలింటికి వచ్చినవాళ్లకు కొత్త చాప వేస్తారు. వీళ్లు కొత్త దుప్పటి కప్పారు, వాళ్లు నేసిందే. పొద్దున దాన్ని మడత పెట్టి మళ్లీ బేరానికి పెట్టుకున్నారనుకోండి, అయినా రాత్రి హాయిగా నిద్రపట్టింది. చీరను మూటలో బియ్యం మీద పెట్టి, మూడు ముడులు వేసి, పట్నం బస్సెక్కాం.

గౌలిగూడ

పట్నంలో బస్సు దిగగానే నాకు తోచిన మొదటి సంగతి, ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగరు. రెండో సంగతి, జనం వరసలో నిలబడతారు. ఒకరి వెనక ఒకరు, నోరు మూసుకొని. ఎవరో చనిపోయారేమో అనుకుంది మా అత్తమ్మ.

సికింద్రాబాదు పోయే బస్సు రెండంతస్తులది. ఎర్రగా, మిద్దె మీద మిద్దె వేసినట్టు ఊగుకుంటూ వచ్చింది. నేను నోరు తెరుచుకొని పై అంతస్తు చూస్తున్నాను. అత్తమ్మ కింది అంతస్తు కిటికీలు చూస్తోంది. వరసలో మా ముందు బోలెడు మంది ఉన్నారు. నేను ఆపేలోపే ఆమె వరస తప్పించుకొని పోయి, కిటికీలోంచి మూట లోపలికి దూర్చింది. ఆ పక్క సీట్లో బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చొని ఉంది.

"గీ మూట జర సూడమ్మా" అంది అత్తమ్మ. బురఖా తల ఊపింది.

మేము వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "జాగా లేదు, పీఛే ఆతా దూస్రా, వెనక ఇంకోటి వస్తది" అంటూ రెండు గంటలు కొట్టాడు. బస్సు కదిలింది. మూట కిటికీ దగ్గర దర్జాగా కూర్చొని మమ్మల్ని దాటి పోయింది. అత్తమ్మ చెయ్యెత్తి "ఓ డ్రైవరూ, మేం ఎక్కలే" అని పిలిచింది. పట్నం డ్రైవరుకు ఆ మాట వినే అలవాటు లేదు.

కరువుల తర్వాత మొదటి పంట బియ్యం, పోచంపల్లి చీర, సులోచన అత్తగారి నోరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తెల్లారితే ముహూర్తం.

"ఈడనే నిలవడుదాం" అంది అత్తమ్మ. "బస్సు మల్ల ఈడికే రాదా?"

"గిది మన నకిరేకల్ గాదత్తమ్మా. దిగేటప్పుడు ఎవరో ఒకరు తీస్కపోతరు. వెనక బస్సు వస్తాంది, ఎక్కు" అన్నాను. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ సంగతి నా గొంతులో అప్పుడప్పుడు వినిపిస్తుందని మా ఆయన అంటాడు. అత్తమ్మ ఎక్కింది.

పై అంతస్తు

కింద ఖాళీ లేక మెట్లెక్కి పైకి పోయాం. ముందు వరసలో రెండు సీట్లు దొరికాయి. వేరే రోజైతే అంతకంటే గొప్ప ప్రయాణం ఉండేది కాదు. చెట్ల కొమ్మలు కిటికీని రాసుకుంటూ పోతున్నాయి. మేడల మీద బట్టలు ఆరేసే ఆడవాళ్లు మనకు సమానంగా కనిపిస్తారు. ఒకామె నాకేసి నవ్వింది కూడా. హుస్సేన్ సాగర్ కట్ట మీదికి రాగానే అటంతా నీళ్లు, ఇటంతా గాలి. ముందు పోయిన ఎర్ర బస్సు కనిపిస్తుందేమో అని నేను మెడ చాపి చూస్తుంటే, అత్తమ్మ చెరువు చూస్తోంది.

"దీని కింద ఎన్నెకరాలు పారుతదో" అంది.

"నీకు మూట ఫికరే లేదా?" అన్నాను.

"మూట పోదు. గామె తలకాయ ఊపింది."

"గామె మనూరామెనా? మొకం సూసినవా నువ్వు?"

"మొకం ఎందుకు? తలకాయ ఊపింది గద."

పక్క సీట్లో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఇక ఆ అంతస్తంతా మా సంగతి మీద పడింది. పోలీసుల దగ్గరికి పొమ్మని ఒకరు, డిపోకు పొమ్మని ఒకరు, బియ్యం మూట దొరకదు గాని చీర దొరకొచ్చని ఒకరు. అత్తమ్మ మాత్రం సలహా ఇచ్చిన ప్రతివాళ్లనూ ఏ ఊరని అడిగింది. ముగ్గురిలో ఇద్దరివి మా వైపు ఊళ్లే అని తేలింది. పట్నంలో ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ తెలియడం లేదు, అంతే.

సికింద్రాబాదు

స్టేషను ముందర బస్సులు ఆగే చోట నేను ప్రతి ఎర్ర బస్సు కిటికీలోకీ తొంగి చూశాను. మా మూట లేదు. టీ తాగుదామంటే అత్తమ్మ తాగనంది. మూట దొరికేదాకా నోట్లో నీళ్లు కూడా పోయనంది. అప్పుడు తెలిసింది నాకు, చెరువు చూసిన ఆ కళ్ల వెనక ఎంత భయం ఉందో. ఆమెను ఈ వయసులో ఇంత దూరం ఈడ్చుకొచ్చి దులిపినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

బస్సుల రాకపోకలు చూసే ఉద్యోగి ఒకాయన గూటిలో కూర్చొని ఉన్నాడు. మూట అనగానే తలెత్తాడు.

"కిటికీకాడ కూసున్న మూటనా? అది మీదా?" అన్నాడు. "ఓ బురఖా అమ్మ దాని పక్కన కూసుంది. నిలవడ్డోళ్లు తియ్యమంటే తియ్యలే. సీటు ఆపిండ్రు, మనిషి వస్తది అంటది. ఆఖరి స్టాపు, దిగుమంటే దిగలే. మూట ఎక్కినకాడనే మూట మనిషి ఉంటది, నన్ను ఆడికే తీస్కపోండ్రి అన్నది. మల్ల టికెట్ తీస్కొని అదే బస్సుల వాపస్ పోయింది."

అత్తమ్మ నావైపు చూసింది. తిరుగు బస్సు వైపు నడిచింది. ఒక మాట అన్నా బాగుండేది.

మళ్లీ గౌలిగూడ

తిరుగు దారిలో పై అంతస్తుకు పోలేదు. కింద కూర్చొని నేలను చూస్తూ వచ్చాను.

మేము ఎక్కిన చోట, స్టాపు పక్కన రాతి దిమ్మె మీద ఆమె కూర్చొని ఉంది. పక్కన మూట. మూట మీద ఎండ పడకుండా తన గొడుగు దానికి పట్టింది. ఇంకో చేతిలో మూడు గిన్నెల క్యారియర్. అత్తమ్మను చూడగానే మొహం మీది ముసుగు పైకి తీసింది. అరవై దాటిన మనిషి, పళ్లు సగమే ఉన్నాయి.

"యాడికి వోయినవమ్మా నువ్వు? మూట యాడెక్కించినవో ఆడ ఉండద్దా?" అని కసురుకుంది.

అత్తమ్మ నన్ను చూపించింది. "గీమె సదువుకున్నది" అంది.

ఆమె పేరు ఖాసింబీ. పుట్టింది దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో. పట్నం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా సీటు ఆపే పద్ధతి మరిచిపోలేదు. కండక్టరుకు ఇచ్చి పోయి ఉండొచ్చు కదా అని అడిగాను. "సూడుమని నన్నన్నది గని కండక్టర్‌ని అనలే గద" అంది. ఆమె ఎక్కడికి పోతూ మా మూట పక్కన చిక్కుకుపోయిందో అప్పుడు చెప్పింది. సికింద్రాబాదు దారిలో పెద్ద దవాఖాన ఉంది. ఆమె చిన్నబిడ్డ రజియాకు తొమ్మిదో నెల. కాళ్లు వాచాయని అందులో చేర్చారు. దవాఖాన అన్నం తినదట. ఆ క్యారియర్‌లో ఆమెకు అన్నం ఉంది. ఆ స్టాపు ముందు నుంచి ఖాసింబీ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటింది.

అత్తమ్మ మూట నెత్తిన పెట్టుకొని, "నడువు, మేం గూడ వస్తం" అంది. ముగ్గురం సికింద్రాబాదు బస్సు కోసం వరసలో నిలబడ్డాం. ఈసారి మూట ఆమె నెత్తి మీద నుంచి దిగలేదు. వచ్చింది ఇందాక మమ్మల్ని సికింద్రాబాదు తీసుకుపోయిన కండక్టరే. టికెట్ ఇస్తూ, "మీకు గీ రోడ్డు బాగ నచ్చినట్టున్నది" అన్నాడు.

దవాఖాన

రజియా మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. చిన్న పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. తల్లిని చూడగానే, "గింత సేపాయె, ఏమయిందని ఒకటే గుబులు నాకు" అని ఏడుపు గొంతుతో అంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

"బస్సు తిప్పి తిప్పి తెచ్చింది బేటా" అంది ఖాసింబీ. మా పేరెత్తలేదు. క్యారియర్ విప్పి, చల్లారిన ఖిచిడీని చేత్తో కలిపి ముద్దలు పెట్టింది. ఆ పిల్ల ఎంత ఆకలిగా తిందో చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

మాటల్లో ఖాసింబీ చెప్పింది, ఏడో నెలలో బిడ్డకు ఒడి నింపాలని అన్నీ సిద్ధం చేసుకున్నామని, సరిగ్గా అప్పుడే తన ఇంటాయన చనిపోయాడని. "అది గట్లనే ఉండిపోయింది" అంది మామూలుగా.

అత్తమ్మ మూట ముడులు విప్పడం మొదలుపెట్టింది. నాకు అర్థమై, ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "అత్తమ్మా, సోలలు కొలుస్తరు రేపు. తక్కువైతే ఆ ముసలామె ఊకుంటదా?"

"ఊకోకుంటే ఊకోకపాయె" అంది.

రజియా కొంగు పట్టించి, దోసిలితో బియ్యం పోసింది. రెండు పసుపు కొమ్ములు, నాలుగు ఖర్జూరాలు పెట్టింది. ఆ పిల్ల బిత్తరపోయి తల్లి వైపు చూస్తే, తల్లి తల ఊపింది. పొద్దున బురఖాలోంచి ఊపినట్టే. తర్వాత కళ్లొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను. పక్క మంచం మీది ఆమె, ఇదేం పద్ధతమ్మా, మాకు లేదా అని అడిగి అందరినీ నవ్వించింది.

సీతాఫల్‌మండి

ముహూర్తం బాగా జరిగింది. పాలు తూర్పు వైపే పొంగాయి. చీర చూసి సులోచన మొహం వెలిగిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ అంచు పట్టి చూశారు. ఇక ఒడిబియ్యం. సులోచన పీట మీద కూర్చొని కొంగు పట్టింది. అత్తమ్మ సోలతో కొలిచి పోసింది. నాలుగు నిండుగా వచ్చాయి. ఐదోది సగానికే మూట అయిపోయింది.

సులోచన అత్తగారు ఇందుకోసమే కూర్చున్నట్టు ముందుకు వంగింది. "ఏందొదినె, ఐదో సోల నిండలేదు?"

సులోచన తల దించుకుంది. ఇన్నేళ్లకు నింపుతున్న ఒడి, అదీ ఇట్లా. నేను అత్తమ్మ వైపు చూడలేకపోయాను.

"నిండింది వదినె" అంది అత్తమ్మ. "సగం నిన్న ఇంకో బిడ్డ ఒళ్లె వోసి వచ్చిన." అని, కిటికీలోంచి మూట దూర్చిన దగ్గర నుంచి ఖిచిడీ ముద్దల దాకా అందరికీ చెప్పింది. చెప్పేటప్పుడు నా చదువు సంగతి కూడా వదల్లేదు. సులోచన అత్తగారు ఖాళీ మూట వైపు చూసి, "ఇంకో దోసెడు వోసి రావద్దా, తొమ్మిదో నెల పిల్లకు" అంది. సులోచన కొంగును గట్టిగా ముడి వేసుకుంది.

తిరుగు బస్సు

రెండు రోజుల తర్వాత గౌలిగూడకు వచ్చేసరికి నకిరేకల్ బస్సు కిటకిటలాడుతోంది. మెట్ల మీద కూడా మనుషులు. మూట ఖాళీ, వేయడానికి చేతిలో ఏమీ లేదు. వేసినా కిటికీ దగ్గర ఒక్క సీటు లేదు. నిలబడే పోదాం లే అనుకుంటూ లోపలికి దూరితే, డ్రైవరు వెనక వరసలో రెండు సీట్లు ఖాళీగా కనిపించాయి. ఒకదాని మీద మూడు గిన్నెల క్యారియర్, ఇంకోదాని మీద గొడుగు. చుట్టూ మగవాళ్లు నిలబడే ఉన్నారు. మేము వాటివైపు చూస్తుంటే ఒకాయన, "ఆపిన సీట్లమ్మా అవి, కింద మనిషున్నది" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే కింద ఖాసింబీ ఉంది. పొద్దున్నే వచ్చి నిలబడిందట. మేము ఏ రోజు ఊరికి పోతామో అత్తమ్మ మాటల మధ్యలో ఎప్పుడో చెప్పింది, ఆమె గుర్తు పెట్టుకుంది.

"కూసో మల్లమ్మా" అంది. "బిడ్డ వుట్టింది. ఆడపిల్ల."

"తల్లి మంచిగున్నదా?"

"మంచిగున్నది. నీ బియ్యం తలకాడ వెట్టుకొని పండుకున్నది. క్యారియర్ల ఖీరున్నది, తొవ్వల తినుండ్రి. గిన్నెలు మల్ల వచ్చినప్పుడు తే."

గొడుగు మాత్రం కిటికీలోంచి అందించి, ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పిల్ల ఎవరి పోలిక, జుట్టుందా, పాలు తాగుతోందా. కండక్టరు అత్తమ్మ భుజం మీదుగా తొంగి చూసి, "రైట్ అనాల్నా అవ్వా?" అని అడిగాడు.

"జర ఆగు" అంది అత్తమ్మ, వెనక్కి తిరగకుండానే.

మాది నకిరేకల్ బస్సు. డ్రైవరు ఇంజను ఆపేసి, బీడీ ముట్టించుకున్నాడు.